సక్కుబాయి పిలిచిన హాజరు

“ఈ బడివాళ్ళు కూడా దాన్ని పంపించేస్తారు, చూస్తూ ఉండు.”

జూన్ నుంచి మా ఆవిడతో రోజూ ఇదే మాట అంటున్నాను. మా అమ్మాయి సిల్వియాకు ఐదేళ్ళు. రెండు చెవులకూ వినికిడి మిషన్లు. ఎదురుగా ఉండి మాట్లాడితే వింటుంది. వెనక నుంచి పిలిచినా, చప్పుడులో పిలిచినా వినపడదు. అంతకు ముందు రెండు బళ్ళు మమ్మల్ని ఎంతో ప్రేమగా గేటు దాకా సాగనంపాయి. ఇది మూడోది, శంషాబాద్‌లో విమానాశ్రయం గోడకు ఇవతల. గేటు మీద ‘ప్రతి బిడ్డా ప్రత్యేకమే’ అని నా ఎత్తు అక్షరాలతో రాశారు. ఆ ప్రత్యేకతను నిరూపించుకోవడానికి మా అమ్మాయికి నెల రోజుల గడువిచ్చారు. మిగతా పిల్లలకు గడువు అక్కర్లేదు, వాళ్ళు మామూలుగా ప్రత్యేకం.

నేను కెమిస్ట్రీలో ఎమ్మెస్సీ చేసి, విమానాల్లో పంపే మందుల కోల్డ్ స్టోరేజీలో పని చేస్తున్నాను. భయం వేసినా పట్టిక గీస్తాను. ఆ బడిని కూడా గీశాను: సమానత్వం పోస్టర్లు ఆరు, చక్రాల కుర్చీ కోసం కట్టిన వాలుబాట ఒకటి, దాని మీద పూలకుండీలు పద్నాలుగు. తరగతి చివర కిటికీ పక్కన ఒంటరి కుర్చీ, పైన ‘ఇన్‌క్లూజన్ కార్నర్’ అనే బోర్డు. అందరినీ కలుపుకోవడానికి ఒకరిని విడిగా కూర్చోబెట్టాలని నాకు ఏ సైన్సు పుస్తకమూ చెప్పలేదు.

నా పట్టికలో సక్కుబాయి లేదు.

ఆమె ఆ బడిలో ఆయమ్మ. ఊరు పాల్మాకుల, యాభై దాటాయి, చదివింది మూడో తరగతి. పెళ్ళయ్యాక ఇరవై ఏళ్ళు భర్త కుర్మయ్యతో కలిసి గొర్లు కాసింది. మేపే బీళ్ళన్నీ ప్లాట్లయ్యాక గొర్లు అమ్మేసి బడిలో చేరింది. గొర్ల దగ్గర ఆమెకు ఒక విద్య అబ్బింది. మందకు ఆ కొసన కుర్మయ్య, ఈ కొసన ఆమె, నెత్తి మీద విమానం. అరిచి లాభం లేదు. నీళ్ళకు తోలమన్నా, కుక్క వచ్చిందన్నా, బువ్వకు రమ్మన్నా అన్నీ చేతులతోనే.

బడిలోనూ అంతే. విమానం వస్తే రేఖ టీచర్ పాఠం ఆపి, కళ్ళు మూసుకుని ఓర్చుకుంటుంది. సక్కుబాయి పని ఆగదు. బొటనవేలు నోటికి ఆనిస్తే నీళ్ళు, పొట్ట మీద గుప్పిలి పెడితే ఆకలి. పిల్లల పేర్లు కూడా చేతుల్లోనే. బుగ్గలో వేలు గుచ్చితే సొట్టబుగ్గల శివ.

ఇదంతా నాకు తెలిసింది రెండో వారంలో. ‘మీ అమ్మాయి ఈ రోజు హాజరు కాలేదు’ అని ఫోన్‌కు మెసేజ్ వచ్చింది. గంట క్రితం నా చేతులతో దింపి వచ్చిన పిల్ల! పరుగెత్తాను. గేటు దగ్గర సక్కుబాయి ఆపింది.

“ఏంది సారూ, గట్ల ఉరుకుతున్నవ్?”

“మా అమ్మాయి రాలేదని మెసేజ్ వచ్చింది.”

“ఫోనుకేం ఎర్క? పొద్దుగాల్నే వచ్చి నా కొంగుకు ముక్కు తుడ్సుకున్నది. నేను సాక్ష్యం, గీ కొంగు సాక్ష్యం.”

ఆవరణ ఆ చివర ఆడుకుంటున్న పిల్లల వైపు తిరిగి రెండు వేళ్ళు మెలివేసి చూపించింది. ఎవరో సిల్వియా భుజం తట్టారు. పిల్ల ఇటు చూసి నవ్వింది.

“గదే ఆమె పేరు,” అంది సక్కుబాయి.

“చెవి చూపించి పిలుస్తారేమో అనుకున్నాను.”

“చెవెందుకు? రోజూ చెప్పులు ఎడమది కుడికి ఏసుకొస్తది. పోరగాళ్ళే పెట్టిండ్రు గా పేరు. గింత చదివినోనివి, నీకు చెవులే కనవడ్డయ్. ఆళ్ళకు చెప్పులు కనవడ్డయ్.”

నెల తిరిగేసరికి ఆ మెసేజ్ పదకొండు సార్లు వచ్చింది. ప్రతిసారీ టీచర్‌కు చెబితే ‘సిస్టమ్ అండీ’ అంది. చివరికి ప్రిన్సిపాల్ ప్రేమలత గారు నన్నూ సిల్వియానూ తన గదికి పిలిచారు.

“సిల్వియా అంటే మాకు చాలా ఇష్టమండీ. అందుకే తనకు ఇంతకన్నా మంచి చోటు దొరకాలని కోరుకుంటున్నాం. ఇరవై నాలుగు రోజుల్లో పదకొండు రోజులు హాజరు లేదు. పిలిస్తే పలకడం లేదు. బాలాపూర్ వైపు ఇలాంటి పిల్లలకు ఒక కేంద్రం ఉందట.”

నా ఫైల్లో చెవుల రిపోర్టులున్నాయి, విమానాల చప్పుడు మీద నేను గీసిన గ్రాఫులున్నాయి. ఫైలు తెరవబోయాను. అప్పుడే సక్కుబాయి నీళ్ళ గ్లాసులు తెచ్చింది.

“ఒక్క నాడు గూడ నాగ పెట్టలే మేడం.”

“సక్కుబాయీ, నీళ్ళు పెట్టి వెళ్ళు.”

“పెడుత. రేఖ మేడం తొమ్మిది దాటంగనే ఆపకుంట పేర్లు పిలుస్తది గద. సంతోషి, శివ, సిల్వియా కాడికి వచ్చేసరికి పెద్ద విమానం లేస్తది, పిలుసుడు ఎవ్వలికీ ఇనవడది. శివగాడు గూడ రాలేదనే రాసిండ్రు. ఆళ్ళ నాయిన నిన్న గేటు కాడ లొల్లి వెట్టిండు. మరి శివగాన్ని గూడ బాలాపూర్ పంపుతరా?”

రిజిస్టర్ తెప్పించారు. సంతోషికి తొమ్మిది గైర్హాజర్లు, శివకు పది. చెవుల రిపోర్టు మాత్రం నన్నొక్కడినే అడిగారు. పక్క నమూనాతో పోల్చి చూడమని నాకు కాలేజీలో మొదటి ఏడాదే నేర్పారు. నెల రోజులు గ్రాఫులు గీసిన నేను రిజిస్టర్‌లో పై వరుస గురించి అడగలేదు.

ప్రేమలత గారు రిజిస్టర్ పేజీలు తిప్పుతూనే చివరి ప్రయత్నం చేశారు. “నీ పేరేంటమ్మా?”

సిల్వియా పలకలేదు. అలవాటుగా నేను నోరు తెరిచాను. సక్కుబాయి నా భుజం గట్టిగా పట్టుకుంది.

“కాయితం దిక్కు జూసి అడిగితే కాయితమే చెప్పాలె. పిల్ల మొకం జూసి అడుగుండ్రి మేడం.”

ఆవిడ తలెత్తి మళ్ళీ అడిగారు. నేను మళ్ళీ నోరు తెరవబోతే సక్కుబాయి పట్టు ఇంకా బిగించింది. సిల్వియా ముందు రెండు వేళ్ళు మెలివేసింది. తర్వాత నోరు తెరిచింది.

“సిల్వియా. నీది?”

ప్రేమలత గారు తన పేరు చెప్పి, ఇబ్బందిగా చేతులు చూసుకున్నారు. పిల్లలు ఆవిడకు ఏనాడో చేతి పేరు పెట్టేశారు. అదేమిటో సక్కుబాయి అక్కడ చెప్పలేదు, ఉద్యోగం ముఖ్యం.

గడువు ఎత్తేశారు. ఇప్పుడు తరగతిలో అందరికీ చేతి పేర్లతోనే హాజరు. బడి కొత్త కరపత్రంలో దాన్ని ‘మా నిపుణుల వినూత్న విధానం’ అని రాశారు. పక్కనే ఫొటోలో నిపుణురాలి చెయ్యి, సక్కుబాయి గాజులతో సహా, మణికట్టు దాకా. ఒంటరి కుర్చీలో ఇప్పుడు పూలకుండీ కూర్చుంటోంది.

ఆ రోజు నేను సక్కుబాయికి దండం పెట్టబోతే చేతులు కిందికి తోసి ఒక మాట చెప్పింది. లిఫ్టులో, కిరాణా కొట్లో, చర్చిలో ఎవరు మా అమ్మాయిని పలకరించినా నేనిప్పుడు ఆ మాటే పాటిస్తున్నాను.

“పిల్లకు జర చెవులే మందం సారూ, నోరు మంచిగనే ఉన్నది. ఆమెను అడిగినప్పుడు నువ్వు చెప్పకు. నోరు మూసుకొని పది లెక్కవెట్టు. పదైనంక గూడ చెప్పకుంటే, ఇంకో పది లెక్కవెట్టు.”