అత్తకు రాని జబ్బు

నాయన చెల్లెలు, మా చిన్నత్త, మాట్లాడుతూనే చంకలో గడ్డ ఏమైనా ఉందేమోనని తడుముకునేది. వాళ్ళమ్మా, అక్కా రొమ్ము క్యాన్సర్‌తోనే పోయారు. తనకూ తప్పదని వచ్చిన సంబంధాలన్నీ కాదంది.

పెద్దత్త పోయేముందు చేసిన పరీక్షలో జన్యులోపం బయటపడింది. దాంతో చిన్నత్తను బతిమాలి తిరుపతి ఆసుపత్రికి తీసుకెళ్ళాను.

“కణాలు అదుపు తప్పకుండా చూసే జన్యువు మీ అక్కగారిలో చెడిపోయింది. మీలో బాగానే ఉంది. అందరికీ ఉండే ప్రమాదమే మీకూ ఉంటుంది,” అంది డాక్టరమ్మ ఫలితం చూసి.

అత్త ముఖంలో సంతోషం కనబడలేదు. “అయితే ఇన్నేండ్లు నేను దేనికి బయపడినట్టమ్మా?” అని అడిగింది.

ఇంటికి తిరిగొచ్చే చంద్రగిరి బస్సులో సీట్లు ఖాళీగానే ఉన్నాయి. కూర్చోమంటే వినలేదు. కమ్మీ పట్టుకుని అటూ ఇటూ కదులుతూ నిలబడింది.

“నాకిప్పుడు ఎన్నేండ్లే?” అంది.

“నలభై ఆరు అత్తా.”

“ఇంగా శానా దినాలు బతకాల గదా. ఏం సేసేది?”