నీడమామ విమానయోగం

ఆ రోజుల్లో మా వైపు ప్రయాణమంటే ఊళ్ళు చూడటం కాదు, క్షేమంగా చేరడం. పులివెందులకు పోయేవాడు జమ్మలమడుగుకని చెప్పేవాడు. జమ్మలమడుగుకు పోయేవాడు "ఈడికేలే" అని చెయ్యి ఊపేవాడు. ప్రొద్దుటూరుకు నగలు కొనడానికి పోయే పెండ్లివారు కూడా ఏ బస్సు ఎక్కుతారో ముందుగా ఎవరికీ చెప్పేవారు కాదు. ఎన్నికలు దగ్గరపడితే ఇక చెప్పనక్కర లేదు, వాకిట్లో నిలబడి జీపు శబ్దాన్ని బట్టి అది ఏ పార్టీదో చెప్పగలిగేవాళ్ళు ముసలమ్మలు. (అబద్ధం పాపమని ఆదివారం బడిలో పిల్లలకు నేర్పే నేను కూడా, ఎవరైనా మా మామ ఎక్కడున్నాడని అడిగితే ప్రార్థనలో ఉన్నాడని చెప్పేవాణ్ణి. మా అమ్మ ప్రార్థనలో ఆయన పొద్దుమాపూ ఉండేవాడు కాబట్టి అది అబద్ధం కాదని మనస్సాక్షికి సర్దిచెప్పుకునేవాణ్ణి.)

మా మామ అంటే మా అమ్మకు అన్న. లింగాల దగ్గర ఊరు. ఆ ప్రాంతపు నాయకుడొకాయన వెంట ఇరవై ఏళ్ళుగా నడిచేవాడు. ఆ నాయకుణ్ణి అందరూ పెద్దాయన అనేవారు, ఆయన వెనక ఎప్పుడూ అడుగు దూరంలో కాపలాగా ఉండే మా మామను నీడ అనేవారు. మాకు నీడమామ. మనిషి పొడగరి, మాట పొదుపరి. అత్త మాత్రం ఆయనకు సరిగ్గా వ్యతిరేకం, నవ్వితే పక్క వీధికి వినపడేది. పెండ్లయిన నాటి నుంచి ఆ ఇద్దరూ ఒక్క బండిలో పక్కపక్కన కూర్చుని ఎక్కడికీ పోలేదు. అది ఆ పనిలో ఉన్నవాళ్ళ కట్టుబాటు. భార్యాబిడ్డలను తనున్న బండిలో ఎక్కించకూడదు; తన మీదికి వచ్చేది ఏదైనా ఉంటే తన దగ్గరే ఆగాలి. అందుకని జమ్మలమడుగులో గుడి పండగైనా, ప్రొద్దుటూరులో పెండ్లయినా అత్త ఒక బస్సులో వచ్చేది, మామ ఇంకెప్పుడో ఏదో జీపులో దిగేవాడు. ఫొటోల్లో మాత్రం జంటగా ఉండేవారు.

నేను అప్పుడు ప్రొద్దుటూరులో ఒక టికెట్ల షాపులో కొత్తగా పనికి కుదిరాను. ఒక కంప్యూటరు, రెండు కుర్చీలు, గోడమీద విమానం బొమ్మ ఉన్న క్యాలెండరు. నేను అంతవరకు విమానాన్ని కింది నుంచే చూసినవాణ్ణి, అయినా ఎవరైనా అడిగితే ఏ సీటు బాగుంటుందో అనుభవజ్ఞుడిలా చెప్పేవాణ్ణి. ఒక మధ్యాహ్నం మామ షాపులోకి వచ్చి, గోడకు వీపు ఆనించి కూర్చుని, చొక్కా లోపలి జేబులోంచి రెండు కార్డులు తీశాడు.

"ఇవేందో చూడబ్బీ. ఓటేల్లో ఒగటిచ్చినారు, విమానం కాడ ఒగటిచ్చినారు. పారేస్తే ఏమన్నా కేసు అయితాదేమోనని పెట్టుకోని ఉండా."

ఒకటి బంగారు రంగు, ఒకటి వెండి రంగు. నంబర్లు కొట్టి చూసి నేను కుర్చీలోంచి లేచి నిలబడ్డాను. సంగతేమిటంటే, పార్టీ పనుల మీద పెద్దాయన నెలకు ఎన్నిసార్లు హైదరాబాదు, ఢిల్లీ పోయినా వెంట మామ ఉండాల్సిందే. పెద్ద హోటల్లో దిగితే ఏ గదిలో ఉన్నాడో ఎవరికీ తెలియకూడదని పెద్దాయన తన పేరు ఇచ్చేవాడు కాదు. గదులన్నీ మామ పేరు మీదే. బిల్లు పెద్దాయనది, పేరు నీడది. కౌంటరులో పిల్లలు చిరునవ్వుతో సంతకం పెట్టమన్నచోటల్లా మామ పెట్టాడు. (సంతకాలు అడిగేవాళ్ళతో వాదించకూడదని పోలీసు స్టేషన్లో నేర్చుకున్న పాఠం.) అట్లా ఎక్కిన ప్రతి విమానానికీ, దిగిన ప్రతి గదికీ కంపెనీవాళ్ళు జమవేసే మైళ్ళూ పాయింట్లూ ఏళ్ళ తరబడి పేరుకుని, గొర్రెలు కాసుకునే ఇంట్లో పుట్టిన మా మామ, దేశంలోని గొప్ప వ్యాపారస్తుల సరసన చేరిపోయాడు. ఆ పాయింట్లతో ముగ్గురు విమానంలో బొంబాయికి పోయి, సముద్రం ఎదుట పెద్ద హోటల్లో రెండు రోజులుండి తిరిగి రావచ్చు.

"ఊరికేనా?" అన్నాడు మామ.

"ఊరికే మామా."

"ఊరికే ఎవురిస్తార్రా? ఏందో మతలబు ఉంటాది. పెద్దాయన్ను అడుగుతా."

అడిగాడు. పెద్దాయన పగలబడి నవ్వి, "నీ పేరు మీద ఉంటే నీదే గదరా. నీ పెండ్లాన్ని తీస్కపో. నేను నాలుగు దినాలు గడప దాటనులే" అన్నాడట.

ఆ వారం నేను గర్వం పట్టలేక ఆదివారం బడిలో పిల్లలకు కృప గురించి చెబుతూ, కృప అంటే విమాన మైళ్ళ వంటిది, మనం కట్టకుండానే మన పేరున జమ అవుతుంది అని వివరించాను. వెనక నిలబడి విన్న మా చర్చి పాస్టరు అయ్యగారు బయటికి వచ్చాక నా భుజం మీద చెయ్యి వేసి, "బాగా చెప్పినావు నాయనా. ఒగటే చిక్కు. నీ మైళ్ళకు గడువు ఉంటాది, కృపకు ఉండదు. వచ్చే వారం అది కూడా చెప్పు" అన్నారు.

అత్తకు సంగతి చెప్పడానికి వాళ్ళ ఊరికి పోయాను. సముద్రమనీ, పరుపులనీ, పొద్దున ముప్పై రకాల టిఫిన్లనీ ఊరిస్తుంటే ఆమె చాటలో కందులు చెరుగుతూ వింది. చివరికి చాట కింద పెట్టి, "అబ్బీ, సముద్రం గిముద్రం నాకేంటికి? ఆ విమానంలో మీ మామ నా పక్కన కూసుంటాడా?" అంది. కూర్చుంటాడన్నాను. "ఒట్టు పెట్టు" అంది. మా విశ్వాసంలో ఒట్టు పెట్టకూడదు, అవునంటే అవును, కాదంటే కాదు. అయినా ఆమె ముఖం చూసి తలమీద చెయ్యి పెట్టుకున్నాను.

మామను ఒప్పించడం తేలిక కాలేదు. "ఎక్కే ముందు అందర్నీ నిలువునా తడుముతారు మామా, గోరు కత్తిరించే కత్తి కూడా తీసేసుకుంటారు. అంత భద్రమైన బండి మన జిల్లాలోనే లేదు" అని నేను చెప్పిన మాట ఆయనకు నచ్చింది. అది నిజమని ఆయనకూ తెలుసు. "సరే, విమానంలో కూసుంటా. హైదరాబాదు దాంక మాత్రం మీరు ఒగ బస్సు, నేను ఒగ బస్సు" అన్నాడు. అత్త పట్టుచీర కట్టుకుని, నా పక్కన కూర్చుని, దారంతా వెనక మామ వచ్చే బస్సును చూస్తూనే ఉంది.

నేను ముగ్గురికీ ఒకే వరుసలో సీట్లు వేయించాను. కిటికీ అత్తకు, మధ్యది మామకు. అంతా సవ్యంగా ఉందనగా, విమానం ఎక్కే గుమ్మం దగ్గర మామ కాగితం పెట్టగానే యంత్రం కుయ్యిమంది. కౌంటరులోని అమ్మాయి కార్డు రంగు చూసి, నమస్కారం పెట్టి, ఆ కాగితం తీసుకుని వేరే కాగితం ఇచ్చింది. మామగారి హోదాను గౌరవించి ఆయన్ను ముందున్న గొప్ప సీటుకు మార్చారట. నాకు తల తిరిగింది. విందుకు పోతే కడపటి చోటున కూర్చోవాలనీ, పిలిస్తేనే ముందుకు పోవాలనీ చిన్నప్పటి నుంచి విన్నవాణ్ణి. ఇక్కడ నిజంగానే పిలుస్తున్నారు. "పో మామా, కాదనకూడదు. ఇది శానా గౌరవం" అని నేనే వెనక నుంచి తోశాను. యూనిఫారంలో ఉన్నవాళ్ళ మాట జవదాటే అలవాటు లేని మామ, ఒకసారి అత్త వైపు చూసి, ముందుకు పోయాడు. తెర పడింది.

అత్త పక్కన ఒక లావుపాటి పెద్దమనిషి వచ్చి కూర్చుని, బూట్లు విప్పి నిద్రపోయాడు. విమానం లేచేదాకా అత్త ఆ తెర వైపే చూస్తూ కూర్చుంది. లేచాక కిటికీలోంచి చూస్తూ, "ఆకాశంలో గూడా ముందర జీపు ఆయప్పది, ఎనక బస్సు నాది" అంది. నవ్వుతూనే అంది. కానీ ఆ నవ్వు పక్క సీటుకు కూడా వినపడలేదు. నాకు ఇచ్చిన కేకును ఆమె ట్రేలో పెట్టాను.

హోటల్లో మామకు జరిగిన మర్యాద చూస్తే నేనే నమ్మలేకపోయాను. పేరు పెట్టి పిలిచి దండ వేశారు. "ఏమయ్యా, నువ్వు ఇంత గొప్పోనివా? మనూర్లో ఎవురికీ తెల్దే" అని అత్త దండ ముట్టి చూసింది. గదిలోకి పోగానే మామ మంచం కింద వంగి చూశాడు, పరదాలు దులిపాడు, స్నానాల గది తలుపు వెనక చూశాడు, కుర్చీని లాగి వాకిలికి ఎదురుగా వేసుకున్నాడు. అత్త పరుపును అరచేత్తో నొక్కి, "మెత్తగా ఉండాదే. దీని మీద పండుకుంటే నిద్ర బాగా పడ్తాదా?" అని అడిగింది.

"నాకేం తెల్సు?" అన్నాడు మామ.

"ఇట్లాంటి ఓటేళ్ళకు ఇన్నిసార్లు పోయినావు గదా?"

"నేను వాకిలి కాడ పండుకుంటాంటి. దాని మీద పెద్దాయన."

అత్త పరుపు మీదినుంచి చెయ్యి తీయలేదు. ఆ పాయింట్లలో ప్రతి ఒక్కటీ మామ నేలమీద పడుకున్న రాత్రికి లెక్కని నాకు అప్పుడే తట్టింది. కట్టకుండానే జమ అవుతాయని నేను పిల్లలకు చెప్పి వచ్చాను.

మరునాడు పొద్దున టిఫిన్ల దగ్గర మామ ఇంకో అలవాటు బయటపెట్టాడు. అత్త తెచ్చుకున్న ప్రతి దానిలోంచి ముందుగా తాను ఒక ముక్క తుంచి తిని, కాసేపు ఆగి, ఇక తిను అన్నట్టు తల ఊపేవాడు. మూడోసారికి అత్త చెయ్యి మీద ఒకటి వేసింది. "నన్నెవురు సంపుతారయ్యా? మన గొర్రెలకు దప్ప నేనెవురికి తెల్సు?" పక్క బల్లల వాళ్ళు తిరిగి చూశారు. మామ నవ్వాడు. పండ్లు కనపడేలా ఆయన నవ్వడం నేను చూడటం అదే మొదటిసారి. కానీ ఆ రెండు రోజులూ సముద్రం ఒడ్డున కూడా ఆమెకు రెండడుగుల వెనకే నడిచాడు. "పక్కకు రా" అని ఆమె పిలిస్తే, "ఈడ్నుంచయితే అంతా కనపడ్తాది" అనేవాడు.

తిరుగు ప్రయాణంలో యంత్రం మళ్ళీ కుయ్యిమంది. అమ్మాయి మళ్ళీ నమస్కారం పెట్టి కాగితం మార్చింది. ఈసారి నేను నోరు మూసుకుని నిలబడ్డాను. అత్త తన సంచి తీసుకుని, ఎవరి వైపూ చూడకుండా ముందుకు నడవబోయింది. మామ ఆ కొత్త కాగితాన్ని అటూ ఇటూ తిప్పి, మళ్ళీ బల్లమీద పెట్టాడు.

"ఈ యమ్మికి చెప్పబ్బీ. నాకు ముందర వద్దని చెప్పు."

చెప్పాను. ఆ అమ్మాయి కంగారుపడి, ముందు సీటు వెడల్పు, భోజనం మంచిది, కాళ్ళు చాపుకోవచ్చు, సర్ కు ఏదైనా లోపం జరిగిందా అని అడిగింది.

"లోపమేం లేదని చెప్పు. ఇరవై ఏండ్లు ముందర బండిలోనే పోయినా. ఇంగ సాలు. మా ఇంటామె పక్కన కూసుంటానని చెప్పు."

అత్త ఆగిపోయింది. కొంగు నోటికి అడ్డం పెట్టుకుంది. నేను ఇంగ్లీషులోకి మార్చేలోపే ఆ అమ్మాయికి ఎట్లాగో అర్థమైంది. ఖాళీగా పోనివ్వడమెందుకని ఆ గొప్ప సీటు నాకిచ్చింది.

అట్లా నా జీవితంలో మొదటిసారి, బహుశా చివరిసారి, రాజుగారి కుర్చీలో కూర్చున్నాను. వేడివేడి చిన్న తువ్వాలు ఇస్తే తినేదేమోనని వాసన చూశాను. నిమ్మకాయ నీళ్ళు రెండుసార్లు అడిగాను. కొంతసేపటికి ఉండబట్టలేక, లేచిపోయి తెర పక్కకు తీసి వెనక్కి చూశాను. మామ నోరు తెరుచుకుని, అత్త భుజం మీద తల వాల్చి నిద్రపోతున్నాడు. ఏ బండిలోనూ రెప్ప వేయని మనిషి. ట్రేలు పంచుతున్న అమ్మాయి ఆయన్ను లేపబోతే అత్త వద్దని తల ఊపింది. ఆమె నిటారుగా కూర్చుని, అటు వాకిలి వైపూ ఇటు మనుషుల వైపూ కళ్ళు తిప్పుతూ కాపలా కాస్తోంది. నన్ను చూసి, పో పో, చప్పుడు చేయద్దని చేత్తో సైగ చేసింది.

నేను వెనక్కి వచ్చి ఆ వెడల్పాటి కుర్చీలో కూలబడి, ఇంకొక కేకు అడిగి తెప్పించుకుని తింటూ కన్నీళ్ళు పెట్టుకున్నాను. పక్కనున్న కోటు పెద్దమనిషి జాలిపడి, మొదటిసారి విమానం ఎక్కితే చాలామందికి భయమేస్తుందని ధైర్యం చెప్పాడు. ఆ కుర్రవాణ్ణి, ఒళ్ళో తువ్వాలు పరుచుకుని, కేకు పొడి రాలుస్తూ, కాదని చెప్పడానికి ఇంగ్లీషు వెతుక్కుంటున్నవాణ్ణి, ఇప్పుడు తలుచుకుంటే నాకు కోపమూ రాదు, సిగ్గూ వేయదు. పోనీలే, కొంచెంసేపు అలాగే ఏడ్వనీ అనిపిస్తుంది.