మెత్తచెయ్యి తాత కత్తి, నా రెండు చెంపలు

ముందే ఒప్పేసుకుంటున్నాను, నేను చెప్పే సంగతుల్లో పిండి తక్కువ, పొంగు ఎక్కువ. పిల్లిని చూసి వచ్చి చిరుత అనే రకాన్ని కాదుగానీ, చిరుతను చూసినవాడి పక్కన ఓ నిమిషం నిలబడితే చాలు, రెండు చిరుతలని చెప్పగలను. మా ఆవిడ నేను చెప్పే ప్రతి అంకెనూ మూడు పెట్టి భాగిస్తుంది. మీరూ అట్లాగే చేసుకుంటూ చదవండి, నాకేమీ బాధ లేదు.

ఆ రోజుల్లో నాకు కుప్పంలో కొత్త ఉద్యోగం, మదనపల్లెలో ఇల్లు, ముక్కు కింద మీసం ఉండేవి. ఈ మూడింటిలో నేను ప్రాణంగా చూసుకున్నది మూడోదాన్నే. ఆఫీసులోకి ముందు అది వెళ్ళేది, వెనక నేను వెళ్ళేవాణ్ణి. నా ఈడువాళ్ళు బైకుల మీద, కెమెరాల మీద మోజు పడుతుంటే నాకు మాత్రం పాత మంగలికత్తుల పిచ్చి పట్టుకుంది. పిడిలోకి మడిచి పెట్టుకునే పాతకాలపు కత్తులన్నమాట. బ్లేడు మార్చుకునే కత్తులు వచ్చాక సెలూన్లవాళ్ళు వాటిని అటకల మీదికి విసిరేశారు. రామకుప్పం పాత ఇనప అంగడి నుంచి మదనపల్లె టమాటా మార్కెట్టు వెనక సందుల దాకా నేను తొంగిచూడని తుప్పు లేదు. మొత్తం మూడు వందల కత్తులు పోగుచేశాను (దీన్ని రెండుసార్లు భాగించుకున్నా తప్పులేదు). వాటిని బాగుచేసే విద్య నెట్ సెంటర్లో వీడియోలు చూసి నేర్చుకున్నాను. నేర్పిన దొరగారికి బొడ్డు దాకా గడ్డం. అప్పుడైనా నాకు అనుమానం రావలసింది.

మా నాన్న నా పెట్టె మూత ఎత్తి చూసి, "ఇంట్లో ఇన్ని కత్తులు పెట్టుకోని గడ్డం గీసుకునేకి అంగడికి పోతాండావు. యాలరా ఇవంతా?" అనేవాడు. ఇది కళ అని నేను చెప్పేవాణ్ణి. తుప్పును కళ అనేవాణ్ణి నిన్నే చూసినాను అని ఆయన లోపలికి వెళ్ళిపోయేవాడు.

శనివారం ఇంటికి వచ్చేటప్పుడు పుంగనూరులో బస్సు మారడం నాకు అలవాటు. ఆ బస్టాండు పక్కనే ఒక సెలూను. దాని ముందు బెంచీ మీద మెత్తచెయ్యి తాత కూర్చుని ఉండేవాడు. ఎడమచేతి వాటం మనిషి. ఆయన గడ్డం గీస్తే కత్తి ఆనిందో లేదో తెలియక జనం చెంపలు తడుముకునేవాళ్ళట, అందుకని ఆ పేరు. సెలూను కొడుకు చేతికి వచ్చి, మనిషికో బ్లేడు పద్ధతి మొదలయ్యాక తాత కత్తి తోలుసంచిలోకి వెళ్ళిపోయింది. అయితే పై వారం ఆదివారం గుడిలో మనవడికి పుట్టువెంట్రుకలు తీయాలి. కొడుక్కి తీసిన కత్తితోనే మనవడికీ తన చేత్తో తీయాలని తాత పట్టు. సంచి విప్పి చూస్తే కత్తి నిండా తుప్పు.

నేను బతిమాలి తీసుకున్నాను. తాత ఇచ్చినట్టే ఇచ్చి, ఒక కొస వదలకుండా పట్టుకుని, "తుప్పు మాత్రం తీయప్పా. వాదర జోలికి పోవాకు" అన్నాడు. వాదరంటే పదునుండే అంచు. సరే తాతా, అదెంత పని అన్నాను.

కుప్పంలో నా గదికి వెళ్ళి తుప్పు తీశాక చూస్తే, ఆ అంచు కొసవైపు సన్నగా, పిడివైపు వెడల్పుగా ఏటవాలుగా అరిగి ఉంది. స్కేలు పెట్టి చూశాను. వంకరే. అంత పెద్దాయన ఇంతకాలం వంకర కత్తితో నెట్టుకొచ్చాడే అని నాకు కళ్ళు చెమర్చాయి. వారం రోజులు తిండి మాని (కాఫీ, ఇడ్లీ, రెండు పూటలా భోజనం మినహా) ఆ అంచును గీత గీసినట్టు తిన్నగా అరగదీశాను. దాంట్లో చూసుకుని మీసం దువ్వుకోవచ్చు, అంత మెరుపు.

శనివారం మధ్యాహ్నం పుంగనూరులో దిగి తాత చేతిలో పెట్టాను. ఆయన మెరుపు వైపు చూడనే లేదు. బొటనవేలితో అంచును కొస నుంచి పిడి దాకా తడిమాడు.

"ఇది ఎవుర్దప్పా?"

"నీదే తాతా."

"నాది ఒక పక్కకి ఒరిగుంటాది."

"వంకరుంటే తీసేశాను తాతా."

లోపలినుంచి అవ్వ మనవణ్ణి చంకనెత్తుకుని వచ్చి, "నలభై ఏండ్లుగా నా వల్ల కాలేదు, ఈయప్ప వారంలో ఈయన వంకర తీసేసినాడంట, సూడు" అంది. తాత మెల్లగా చెప్పాడు: "అది వంకర కాదప్పా. నా ఎడమచెయ్యి. నలభై ఏండ్లు నూరి నూరి నా చేతి వాటానికి అరిగింది. ఇప్పుడు ఇది నా చేతికి కొత్తది."

కొడుకు లోపలినుంచే, "పోనీలే నాయినా, రేపు బ్లేడు కత్తితో నేను తీసేస్తాలే" అన్నాడు. మంచిగానే అన్నాడు పాపం. కానీ తాత మొహం చూస్తే, ఇంకో కత్తి పేరెత్తితే ఆయన రేపు గుడికే రాడేమో అనిపించింది. నేను బెంచీ అంచు మీద, సందు దొరికితే దాని కిందికి దూరేలా కూర్చున్నాను.

కాసేపటికి తాత సానరాయి తెప్పించి నీళ్ళు చల్లాడు. "ముందు సూద్దాం. సాన పట్టినోడి చెంప మీదే మొదట సూసేది మాకు ఆచారం. ఇట్ల కూసో." అంటే నా చెంప మీద. నురగ రాసి కత్తి ఆనించాడు. పుంగనూరులో బయలుదేరిన నొప్పి పలమనేరు దాకా పోయి, అక్కడ టీ తాగి తిరిగి వచ్చింది.

"ఎట్లుండాది?"

"పరవాలేదు తాతా" అన్నాను, కళ్ళలో నీళ్ళతో.

"అబద్ధాలు నాకు చెప్పాకు. వెంటిక తెగలా, పీక్కోనొచ్చింది."

రాయి మీద కొంచెం నూరడం, తోలు పట్టీ మీద నాలుగుసార్లు లాగడం, మళ్ళీ నా మీద చూడడం. కుడిచెంప అయిపోయింది. ఎడమచెంప, గొంతు కూడా అయిపోయాయి. కత్తి ఇంకా మాట వినలేదు. తాత నా మొహం నాలుగు వైపులా తిప్పి చూసి, "ఇంగ సూసేకి యాడుండాది వెంటిక? సాలు, పోప్పా నువ్వు" అని కత్తి మడవబోయాడు. అవ్వ చంకలో పిల్లవాడు ఆ కత్తి కోసం చేతులు చాపుతున్నాడు. నా నోట్లోనుంచి ఆ మాట ఎట్లా వచ్చిందో ఇప్పటికీ తెలియదు.

"మీసముంది కదా తాతా."

బస్టాండులో కండక్టర్లు కూడా కేకలు ఆపేశారు. అద్దంలో చివరిసారి దాన్ని చూసుకుని కళ్ళు మూసుకున్నాను. మీసం పోయినా కత్తి పూర్తిగా లొంగలేదు. "ఇంగ రవ్వంత" అన్నాడు తాత. ఇంత దూరం వచ్చాక ఆగేదేముందని తల వంచాను. అక్కడ ఓ మారు, ఇక్కడ ఓ మారు. మధ్యలో రాయి చప్పుడు, తోలు చప్పుడు. నుదుటి దగ్గర మంట, నడినెత్తిన గిలి, ఆ తర్వాత ఏమీ లేదు. నిజంగా ఏమీ లేదు. అవ్వ భుజం తట్టి, "లెయ్యప్పా, అయిపోయింది. గురక పెడతాండావు" అంది. తాత ఎడమచేతిలో కత్తిని అటూ ఇటూ తిప్పుకుంటున్నాడు. నలభై ఏళ్ళ ఒరుగు పూర్తిగా రాలేదుగానీ, ఆయన చెయ్యి దాన్ని గుర్తుపట్టింది.

సాయంత్రం ఎండ ఉండగానే మదనపల్లెలో ఆటో దిగాను. నున్నటి గుండు, మీసం లేదు, చేతిలో కొండ ప్రసాదం కూడా లేదు. మా వీధిలో దానికి ఒకటే అర్థం. ఎదురింటావిడ చెంబు కింద పడేసింది. పన్నెండుమంది ఆడవాళ్ళు ఏడుపు మొదలుపెట్టారు. పొద్దున కూరగాయలు కొంటూ బాగానే ఉన్నాడే అన్నారెవరో. ఆ గోల విని మా నాన్న టవలు దులుపుకుంటూ బయటికి వచ్చి, నా తల చూసి, జనాన్ని చూసి, "నేనింగా ఉండాను గదరా. అంత తొందర యాలరా నీకు?" అన్నాడు.

మర్నాడు పొద్దున్నే మళ్ళీ పుంగనూరు వెళ్ళాను. గుడిలో తల్లి ఒడిలో పెట్టుకోగానే పిల్లవాడు ఊరు ఎగిరిపోయేలా ఏడ్చాడు. తాత తడి చేసి, ఎడమచేత్తో కత్తి ఆనించాడు. ఏడుపు మధ్యలో ఆగింది. జుట్టు నల్లటి పట్టులా పళ్ళెంలోకి జారుతుంటే వాడు దాన్నే చూస్తూ కూర్చున్నాడు. అంతా అయ్యాక తాత కత్తి తుడిచి, నన్ను దగ్గరికి పిలిచి, "నీ చెయ్యి కూడా మంచిదేనప్పా" అన్నాడు.

ఇక నిజాలు. కత్తులు ముప్పై ఒకటి. ఏడ్చింది ఎదురింటావిడ ఒక్కతే, అదీ చెంబు కాలి మీద పడినందుకు. నాన్న అన్న మాట అక్షరం మార్చలేదు. పూర్తిగా కల్పించింది మాత్రం తాత చివరి మాటే. అట్లా అని ఉంటే బాగుండునని ఇన్నేళ్ళుగా అనుకుని అనుకుని ఆయన నోట్లో పెట్టేశాను. నిజానికి ఆయన కత్తిని సంచిలో భద్రంగా పెట్టుకుని, ఆ ఎడమచేత్తోనే నా గుండు ఒకసారి నిమిరి, "దిగులు పడాకు, రెండు నెల్లకంతా వచ్చేస్తాదిలే" అన్నాడు. వచ్చింది కూడా. ఇప్పుడు మాత్రం ఏ కత్తీ తగలకుండానే నా నడినెత్తి మళ్ళీ అంత నున్నగా అయింది. స్నానం చేశాక తుడుచుకుంటూ ఒక్కోసారి నేనే ఎడమచేత్తో నిమురుకుని, రెండు నెల్లకంతా వచ్చేస్తాదిలే అని చెప్పుకుంటూ ఉంటాను.