మున్వర్ ఏమన్నాడంటే

రాకెట్ బాయ్స్ కబుర్లు నలుగురికీ చెప్పకపోతే కాలేసాబ్‌కు తిన్న అన్నం అరగదు. హిందూపురంలో ఈ సంగతి తెలియనివాళ్ళు లేరు. వినేవాడికి తీరిక ఉందా, ఇష్టం ఉందా అని ఆయన ఏనాడూ చూడలేదు. చివరికి వినేవాడు బతికి ఉన్నాడా లేదా అని చూడటం కూడా మానేశాడు. చిక్కంతా అక్కడే వచ్చిపడింది.

రాకెట్ బాయ్స్ అంటే రైల్వే క్వార్టర్స్‌లో పుట్టిన గిటార్ల బ్యాండు. మూతి మీద మీసం మొలిచే వయసులో పెట్టుకున్న పేరది. పంతొమ్మిదివందల ఎనభై రెండు వచ్చేసరికి ఆ బాయ్స్‌లో ఒకరికి కట్టుడు పళ్ళు, ఒకరికి షుగరు, అందరికీ బొజ్జలు. పేరు మార్చుకోండయ్యా అని ఎవరైనా అంటే కాలేసాబ్ కొట్లాటకు దిగేవాడు. "రాకెట్టుకు వయసుంటాదా అప్పా?" అనేవాడు. పెండ్లివాళ్ళు బతిమాలితే బాయ్స్ రెండు సినిమా పాటలు వాయించి, మూడోది తమ సొంతది అందుకునేవాళ్ళు. ఆ మూడోదానికి సగం పందిరి భోజనాలకు లేచిపోయేది. కాలేసాబ్ మాత్రం ముందు వరుసలో కూర్చుని కళ్ళనీళ్ళు పెట్టుకునేవాడు.

ఆయనది మైకుసెట్టు అంగడి. మైకు పనిచేస్తోందో లేదో చూడటానికి లోకమంతా హలో హలో అంటుంది. కాలేసాబ్ మైకు ముందు నిలబడి, "రాకెట్ బాయ్స్ అభిమానులకు మనవి. గిటారు దేవసహాయం సారుకు పంటినొప్పి తగ్గింది. అకార్డియన్ సంజీవప్పకు రెండో కూతురు పుట్టింది, తల్లీబిడ్డా బాగుండారు. శనివారం గోరంట్లలో కచేరీ" అనేవాడు. ఒకసారి ఒక పెద్దమనిషి సంతాపసభలో అందరినీ లేచి మౌనం పాటించమన్నారు. అంతమంది ఒక్కచోట నోరుమూసుకుని నిలబడటం కాలేసాబ్ ఎన్నడూ చూడలేదు. అవకాశం పోనిస్తాడా? "మీరు మౌనంగానే ఉండండి, నేను చెప్తా" అని గోరంట్ల కచేరీ విశేషాలు మొదటినుంచి చివరిదాకా చెప్పేశాడు.

ఇంతటి అభిమానికి సంగీతజ్ఞానం మాత్రం సున్నా. పాట అయిపోయిందని చప్పట్లు విని తెలుసుకునేవాడు. ఒకసారి పక్కవీధిలో పిండిమర తిరుగుతుంటే తల ఊపుతూ, "కొత్త పాటనా సార్?" అని దేవసహాయాన్ని అడిగాడు. దేవసహాయం రైల్వే గూడ్సు ఆఫీసులో గుమాస్తా, బ్యాండుకు పెద్ద, అబద్ధమంటే ఆమడదూరం పోయే మనిషి.

"నీకు పాటే వినపడదు కదప్పా, మరి ఏమి విని ఏడుస్తావు?" అన్నాడు.

"వినేది యాడ సార్, చూస్తా. వాయించేటప్పుడు మీ మొగాలు చూస్తే ఏడుపొస్తాది."

అది పొగడ్తో తెగడ్తో దేవసహాయానికి ఇప్పటికీ తెలియదు.

బాయ్స్‌లో డ్రమ్ము కొట్టే మున్వర్‌ది పెనుకొండ. దూదేకుల లాల్‌బీకి ఒక్కగానొక్క కొడుకు. పచ్చకామెర్లు వచ్చి ఎనభై ఒకటి చివర్లో పోయాడు. కొండ కింద ఖబరస్తాన్‌లో మట్టి చేశారు. పరామర్శకు వెళ్ళిన బాయ్స్‌ను చూసి లాల్‌బీ మారుమాట లేకుండా తలుపు వేసుకుంది. ఆ తర్వాత ఆమె ఎవరితోనూ మాట్లాడటం లేదని, ముద్ద ముట్టడం లేదని విన్నారు. కొన్నాళ్ళు బాయ్స్ గిటార్లను గుడ్డలు చుట్టి అటక మీద పెట్టారు. చివరికి లేపాక్షి దగ్గర జాతరల్లో తప్పెట కొట్టే చౌడప్పను తెచ్చుకుని, గుండె దిటవు చేసుకుని హిందూపురంలో ఒక కచేరీ చేశారు.

ఆ వారం శుక్రవారం పొద్దున్నే కాలేసాబ్ దేవసహాయం ఇంటికి వచ్చాడు. బట్టల నుంచి ఊదుబత్తుల వాసన వస్తోంది.

"సార్, మున్వర్ ఒక మాట చెప్పమన్నాడు."

"ఏ మున్వరప్పా?"

"మనకు ఎంతమంది మున్వర్లుండారు సార్? మూడో పాటలో చౌడప్ప ఉరుకుతాండాడంట. దెబ్బకూ దెబ్బకూ నడుమ రవ్వంత నిలబడాలంట. నిలబడితే పాట లేస్తాదంట."

దేవసహాయం చేతిలో కాఫీ లోటా అలాగే ఉండిపోయింది. మూడో పాటలో ఏదో తేడా ఉందని ఆయనకూ అనిపించింది. అదేమిటో మాత్రం పట్టుకోలేకపోయాడు. పిండిమరకూ పాటకూ తేడా తెలియని కాలేసాబ్ ఈ మాట సొంతంగా పుట్టించే అవకాశమే లేదు. ఎండ బాగా కాస్తున్నా దేవసహాయం ఒంటిమీద రోమాలు లేచాయి.

సంగతేమిటంటే, కాలేసాబ్ ప్రతి కచేరీనీ టేపురికార్డరులో పట్టుకుంటాడు. బేస్తవారం సాయంత్రం పెనుకొండకు పోయి, ఫాతెహా చదివి, మున్వర్ సమాధి దగ్గర ఆ టేపు పెట్టి, కచేరీ సంగతులన్నీ గట్టిగా చెబుతాడు. శుక్రవారం తీర్పు పట్టుకుని వస్తాడు. ఖబరస్తాన్‌లో పాటలేమిటని పెద్దలు కేకలేస్తే, "లోపల పెట్టనులే. గోడ మీద పెడతా. గోడ ఎవరి హద్దూ కాదు కదా" అని సర్దుబాటు చేసుకున్నాడు.

గోరంట్ల కచేరీ అయింది, తీర్పు వచ్చింది. లేపాక్షి కచేరీ అయింది, తీర్పు వచ్చింది. చెప్పినట్టు దిద్దుకుంటే పాట బాగుపడుతోంది. బాగుపడేకొద్దీ బాయ్స్‌కు వణుకు పుడుతోంది. చౌడప్ప మెడలో తాయెత్తులు పెరిగాయి, డ్రమ్ముకు నిమ్మకాయలు వేలాడాయి. "కనపడేవాళ్ళు తిడితే ఎదురు తిట్టొచ్చు సార్. ఈయన్ను యాడని తిట్టేది?" అని ఏడ్చాడు. సంజీవప్ప మాత్రం బతకనేర్చినవాడు. "కాలేసాబూ, నా ట్రాన్స్‌ఫరు సంగతి కొంచెం అడుగప్పా" అన్నాడు.

"ఆయప్ప పాటల సంగతే మాట్లాడతాడు. ట్రాన్స్‌ఫర్లు ఆయప్ప చేతిలో లేవు" అన్నాడు కాలేసాబ్.

ఊరికి నవ్వులాట బాగానే ఉంది కానీ అంగడికి దెబ్బ తగిలింది. చచ్చినవాడితో మాట్లాడే మనిషి మైకు శుభకార్యానికి ఎవరు పెట్టుకుంటారు? దయ్యం మైకని పేరు పడింది. పెండ్లిళ్ళవాళ్ళు వేరే అంగడికి మళ్ళారు. అయినా కాలేసాబ్ బేస్తవారం తప్పలేదు.

ఇంతలో మరో తీర్పు వచ్చింది.

"గిటారు సార్ మొదట్లో భయపడతాండాడంట. చౌడప్పను డ్రమ్ము అంచు మీద పుల్లతో ఒక్కసారి మెల్లగ తట్టమన్నాడు. ఆ తట్టు వింటే సార్ ఊపిరి తీసుకుంటాడంట."

దేవసహాయం గోడకు ఆనుకున్నాడు. ఎన్నేళ్ళు వాయించినా మొదటి పాటకు ముందు ఆయన వేళ్ళు బిగుసుకుపోతాయి. రామగిరిలో ఒక కచేరీకి మున్వర్ అది కనిపెట్టి, ఎవరికీ వినపడకుండా డ్రమ్ము అంచు మీద తట్టాడు. అప్పటినుంచి ప్రతి కచేరీకీ తట్టాడు. ఆ సంగతి వాళ్ళిద్దరూ మాటగా కూడా అనుకోలేదు. ఆ రోజు గూడ్సు ఆఫీసులో బస్తాల నడుమ పోతుంటే ఎవరో వెనకే వస్తున్నట్టు అనిపించి దేవసహాయం మాటిమాటికీ తిరిగి చూశాడు.

ఇక తట్టుకోలేకపోయాడు. ధర్మవరంలో పట్టుచీరల వర్తకుల కచేరీ ఒప్పుకుని ఉన్నారు. బాయ్స్‌ను పిలిచి, "ధర్మవరం వద్దని చెప్పేస్తాం. బ్యాండు మూసేస్తాం. బతికినోళ్ళు వాయించాల, పోయినోళ్ళు పండుకోవాల. మున్వర్‌ను మనమే పండుకోనీకుండా చేస్తాండామేమో" అన్నాడు.

కాలేసాబ్ ముఖం పాలిపోయింది. దేవసహాయం చెయ్యి పట్టుకున్నాడు.

"మూయొద్దు సార్."

"ఎందుకప్పా?"

"మున్వర్‌కు పొద్దుపోదు."

"అయితే నేనే వచ్చి అడుగుతా. మూయమంటాడో వద్దంటాడో ఆయప్పే చెప్తాడు."

"వద్దు సార్, వద్దు! కొత్తోళ్ళొస్తే మాట్లాడడు."

"మున్వర్‌కు నేను కొత్తోడినా?" అన్నాడు దేవసహాయం.

బేస్తవారం దేవసహాయం తోడుకు చౌడప్పను లాక్కుని ప్యాసింజరులో పెనుకొండలో దిగాడు. కాలేసాబ్ ముందే వచ్చి ఉన్నాడు. పొద్దు కొండ వెనక్కి దిగుతోంది. పాత కోటగోడల నీడ ఖబరస్తాన్ మీద పడి, సమాధులన్నీ ఒకే రంగుకు తిరిగాయి. గాలికి తుమ్మకంపలు గీసుకుంటున్నాయి. మనిషి జాడ లేదు. అప్పుడు సమాధుల వైపు నుంచి డ్రమ్ము మోగింది.

చౌడప్ప నిలబడిపోయాడు. "సార్, అది నేను కొట్టే దెబ్బే."

"నువ్వు ఈడుండావు కదప్పా."

"అదే సార్ నేను చెప్పేది!" అని చౌడప్ప వెనక్కి తిరిగి స్టేషను దిక్కు ఉరికాడు. చెప్పులు అక్కడే ఉన్నాయి.

టేపు సంగతి దేవసహాయానికి తెలుసు. తెలిసినా యేసుప్రభువును తలచుకుంటూ ముందుకు నడిచాడు. గోడ పక్కన మున్వర్ సమాధి, దానిమీద కాసిని మల్లెలు, దగ్గర చేతులు కట్టుకుని కాలేసాబ్. గోడ మీద ఉన్న టేపు టక్కున ఆగింది. గాలి కూడా ఆగినట్టయింది. ఆ నిశ్శబ్దంలో రాళ్ళ లోపలినుంచి ఒక బొంగురు గొంతు లేచింది. ఆడదో మగదో చెప్పలేని గొంతు.

"మళ్ళా పెట్టు. ఆడ తప్పినాడు."

దేవసహాయం ఉన్నచోటే కూలబడ్డాడు.

"నా కొడుకైతే ఆడ ఆగేటోడు," అంది ఆ గొంతు. "నేను విల్లు మీటి దూది ఏకేటప్పుడు పక్కనే కూర్చోబెట్టుకుని చెప్తాంటి. దూది పైకి లేసినాంకనే మళ్ళా మీటాల నాయనా, లేయకముందే మీటితే నలుగుతాది అని. వాడు డ్రమ్ము కొట్టిందీ అట్లనే."

అప్పుడు అర్థమైంది. ఖబరస్తాన్ గోడకు అవతలిది లాల్‌బీ పెరడు. ఆడవాళ్ళు ఖబరస్తాన్ లోపలికి రారు. కొడుకు సమాధికి ఆమె రాగలిగినంత దగ్గర ఆ గోడే. ఆ గోడకు చెవి ఆనించి కూర్చుని ఉంది.

అలికిడికి ఆమె గొంతు మారింది. "ఎవురు కాలేసాబూ, ఎవురో వచ్చినట్లుండాది?"

కాలేసాబ్ దేవసహాయాన్ని చూశాడు. నోటిమీద వేలు పెట్టి, కళ్ళతోనే బతిమాలాడు. "ఎవురూ లేరు పెద్దమ్మా. మేక."

దేవసహాయం మేకలాగే నోరు మూసుకున్నాడు. కాలేసాబ్ టేపు మళ్ళీ పెట్టి, ఆ చప్పుడు చాటున ఆయన చెవి దగ్గరికి వంగాడు.

"మొదటి వారం ఊరికే మున్వర్‌కు వినిపిద్దామని పెడితి సార్. గోడ అవతలినుంచి 'ఎవడ్రా వాడు, డ్రమ్ము తొక్కుతాండాడు?' అనింది. కొడుకు పోయినాంక ఆమె నోట వచ్చిన మొదటి మాట అదేనంట. ఆ పొద్దు ఇంట్లోకి పోయి సంగటి తినింది. ఇంగ నేనెట్ల మానేది?"

"ఆమె చెప్పిందని మాకు చెప్పుంటే సరిపోయేది కదప్పా!"

"కొడుకు పోయి ఏడాది కాలేదు, ముసల్ది పాటలు వింటాండాదని లోకం ఊరుకుంటాదా? ఎవురికీ చెప్పొద్దని మాట తీసుకునింది. మున్వర్ చెప్పినాడంటే ఆమెను ఎవురూ ఒక మాట అనరు. నన్ను పిచ్చోడంటారు, అది ముందునుంచీ అంటాండేదే కదా సార్."

పాట అయిపోయింది. గోడ అవతల లాల్‌బీ గొంతు సవరించుకుంది.

"ధర్మవరంలో ఎప్పుడు వాయించేది? దేవసహాయానికి ఇంగా వేళ్ళు బిగుసుకుంటాండాయా? మావాడు ఇంటికొచ్చి నాతో చెప్పి నవ్వేటోడు. మంచి మనిషి. ఆ పొద్దు వస్తే మొగం మీద తలుపేస్తిని. ఆ పాపం నాకు తగులుతాది."

మేక చేతిగుడ్డ తీసి కళ్ళు తుడుచుకుంది. బ్యాండు మూసేస్తే బేస్తవారం ఈ గోడకు వినిపించడానికి ఏముంటుంది? ఆయన అడగటానికి వచ్చిన ప్రశ్న అక్కడే తీరిపోయింది. కాలేసాబ్ భుజం మీద ఒక్కసారి చెయ్యివేసి నొక్కి, చప్పుడు చేయకుండా వెనక్కి నడిచాడు.

స్టేషనులో చౌడప్ప వట్టికాళ్ళతో దీపం కింద కూర్చుని వణుకుతున్నాడు. దేవసహాయం తెచ్చిన చెప్పులు చూసి కూడా దగ్గరికి రానివ్వలేదు.

"మాట్లాడినాడా సార్? ఏమన్నాడు?"

దేవసహాయం ఆదివారం గుడిలో వాక్యం చదివే మనిషి. కొండ వైపు ఒకసారి, ఆకాశం వైపు ఒకసారి చూసి గొంతు సర్దుకున్నాడు.

"ధర్మవరంలో వాయించాల అన్నాడు. దాని తర్వాత యాడ పిలిస్తే ఆడ వాయించాలంట. పిలవకపోయినా వాయించాలంట. మూసేమాట ఎత్తితే ఒప్పుకోడంట."

"నా మీద కోపంగా ఉండాడా?"

"లేదప్పా. దూది పైకి లేసేదాకా ఆగి కొట్టమన్నాడు, అంతే."

"ఇంగేమన్నా అన్నాడా సార్?"

"అన్నాడు. ఖబరస్తాన్ నుంచి స్టేషను దాకా ఉరికినావే, ఆ అడుగుల్లో మాత్రం తాళం ఒక్కచోట కూడా తప్పలేదన్నాడు."

చౌడప్ప ముఖం వెలిగిపోయింది. లేచి నిలబడి కొండ దిక్కుకు భయంగానే దండం పెట్టాడు. "నిజంగా మున్వరన్నే అన్నాడా సార్ ఆ మాట?"

"మరి నేనంటానా అప్పా?" అన్నాడు దేవసహాయం.