పొగ వెళ్లిన ఇంట్లో మంచినీళ్లు

ఈ ఉదయం మా వీధి ఊడ్చే ఆమె తడి ఆకులు కుప్పేసి నిప్పంటించింది. మంట రాలేదు, పొగ వచ్చింది. మా ఆవిడ కిటికీలు మూస్తూ "లోపటికి రారాదు, గాడ ఏం కొలువు చేస్తున్నవ్?" అని కేక వేసింది. నేను గేటు దగ్గరే నిలబడి ఆ పొగ ఎటు పోతోందో చూస్తున్నాను. నిజంగా అది కొలువే. జీతం లేదు, ఎవరూ అప్పగించలేదు. నాకు దాన్ని అంటించిపోయిన మనిషి అనంతయ్యగారు. ఆయన్ని మీరు చూసి ఉండరు. చూసినా గుర్తుండే ముఖం కాదు. ఏళ్ల తరబడి ఆయన పక్కన కూర్చున్నాను, మీసం ఉండేదో లేదో నాకే సరిగా జ్ఞాపకం లేదు. నల్ల షేర్వానీ మాత్రం ఉండేది, భుజాల మీద ఎప్పుడూ గడ్డిపరకలతో. ఆ గడ్డి సంగతే చెప్పబోతున్నాను.

పోలీస్ యాక్షన్ అయి కొన్నేళ్లు గడిచిన కాలం. ఆబిడ్స్‌లో ఒక బట్టల దుకాణం మీది అంతస్తులో ఓ సబ్బుల కంపెనీ దఫ్తరు ఉండేది. అనంతయ్యగారు అందులో మేనేజరు, నేను మోటారు డ్రైవరును. చదువంటారా, ఐదో తరగతిలో నేనూ బడీ ఒకరికొకరం దండం పెట్టుకుని విడిపోయాం; ఇరుపక్షాలా ఎవరూ కన్నీళ్లు పెట్టుకోలేదు. ఉస్మాన్‌గంజ్‌లోని పాత కార్ఖానా ఇరుకైపోయిందని, కొత్తదానికి స్థలం వెతికే పని కంపెనీ యజమాని సేఠ్ ఆయన నెత్తిన పెట్టాడు. సబ్బు వాసన అందరికీ తెలుసు, సబ్బు వండే వాసన ఎవరికీ తెలియదు. కొవ్వు ఉడకడం మొదలైతే ఆ వీధి కుక్కలు కూడా వేరే కిరాయి ఇల్లు చూసుకుంటాయి.

సేఠ్ కోరిక తేలికే. పక్కన రైలుండాలి, నీళ్లుండాలి, కూలీలు నడిచి రావాలి. అంటే ఊరి నడిబొడ్డున. బల్దియా అధికారి కోరిక ఇంకా తేలిక. కార్ఖానా ఊరికి దూరంగా ఉండాలి, కానీ మునిసిపాలిటీ హద్దు దాటకూడదు. దాటితే పన్ను చేజారిపోతుంది. ఇద్దరి మాటలూ విని మెట్లు దిగుతుంటే నా తల గిర్రున తిరిగింది.

"సాబ్, ఒకాయన దగ్గర అంటడు, ఒకాయన దూరం అంటడు. ఆకాశంల కట్టిస్తే ఎట్లుంటది?"

"కట్టొచ్చురా. గాడికి నీళ్ల పైపు ఎవడేస్తడు?" అన్నారాయన, నవ్వకుండా. ఆయనతో చిక్కే అది. నేను హాస్యమాడితే దాన్ని కూడా అర్జీలాగా విచారించి జవాబు చెప్పేవారు.

మిగతావాళ్లు పటం పరిచి స్థలం చూసేవారు. ఈయన తడి గడ్డి కాల్చి చూసేవారు. మోటారు వెనక సీట్లో ఎప్పుడూ ఒక గడ్డిమోపు ఉండేది. "ఇది మోటారు సాబ్, గుర్రం కాదు, గడ్డి తినది" అని మొత్తుకున్నా వినేవారు కాదు. స్థలం మధ్యలో గడ్డి తడిపి నిప్పంటించి, రేపు కార్ఖానా కంపు కూడా అటే పోతుందని, లేచిన పొగ వెంట నడిచేవారు. అది ఏ ఇంటి మీదికి పోతే ఆ ఇంటి అరుగు మీద కూర్చుని మంచినీళ్లు అడిగేవారు. నీళ్లు తాగుతూ ఇంట్లో ఎవరెవరున్నారు, పసిపిల్లలున్నారా, ముసలివాళ్లున్నారా అని మాటల్లో పెట్టేవారు.

"నీళ్లెందుకు సాబ్? సక్కగ అడగరాదా?"

"కార్ఖానా కోసం వచ్చిన్నంటే నౌకరీ ఆశకు అంతా బాగున్నదంటరు. నీళ్లకోసం వచ్చినోనికి ఉన్నదున్నట్టు చెప్తరు."

అలా ఎన్ని ఇళ్లలో నీళ్లు తాగామో! ఒక్క స్థలమూ కుదరలేదు గానీ, హైదరాబాదులో ఏ బావి నీళ్లు ఉప్పనో ఏవి తియ్యనో మాత్రం నాకు తెలిసింది.

చివరికి నాంపల్లి స్టేషను వెనక ఒక ఖాళీ స్థలం బయటపడింది. పక్కనే పట్టాలు, చుట్టూ కూలీల బస్తీ. సేఠ్ తలూపాడు. బల్దియా అధికారి పటం సరిగ్గా అక్కడే మడతపడి ఉండేది కాబట్టి ఆయనకు అది ఊరి అంచులాగే కనిపించి, ఆయనా తలూపాడు. ఆ ఇద్దరూ ఒకేసారి తలూపడం నేను చూడటం అదే మొదలు. మేం వెళ్లి గడ్డి కాల్చాం. పొగ లేచి, కాసేపు ఆలోచించుకున్నట్టు నిలబడి, తూర్పుకు తిరిగి ఒక గల్లీలోకి దూరింది. అది అనంతయ్యగారి గల్లీ. పెళ్లయినప్పటి నుంచి ఆయన కిరాయికి ఉంటున్న ఇల్లు అందులోనే.

నేను పకపకా నవ్వాను. ఆయన మాత్రం పొగ వెంట నడిచి, సొంత అరుగు మీద పరాయివాడిలా కూర్చుని, "జర మంచినీళ్లు ఇస్తరా?" అని అడిగారు.

ఆయన భార్య రుక్మిణమ్మ చెంబుతో వచ్చింది. "మీ ఇంట్లకు మీరొచ్చి గిట్ల అడుక్కునుడేంది? యాదగిరీ, మీ సాబుకు ఎండ గిట్ల తగిలిందా?" అంటూనే దగ్గు అందుకుంది. ఆమెకు ఉబ్బసం. గడ్డిపొగకే ఆమె గోడ పట్టుకుని వంగిపోయింది. నా నవ్వు ఎక్కడికి పోయిందో నాకే తెలియలేదు.

మోటార్లో అన్నాను: "జాగ బాగలేదని చెప్పున్రి సాబ్, అయిపాయె."

"చెప్తే? అనంతయ్య తన ఇల్లు కాపాడుకున్నడంటరు. రేపు ఇంకొకణ్ణి పంపి గాడనే కడ్తరు."

"మీరు చెప్పేది నిజమే గదా!"

"నిజమే. కని నా నోట్లకెళ్లి వస్తే అబద్ధం లెక్కనే ఉంటది."

మర్నాడే ఆయన ఇల్లు ఖాళీ చేస్తున్నట్టు యజమానికి చెప్పేశారు. దొరికిన ఇల్లు చాదర్‌ఘాట్‌లో, మూసీ ఒడ్డున. గోడలకు ఎండాకాలంలో కూడా చెమ్మ. సామాను బండి మీద కూర్చున్న రుక్మిణమ్మ నాతో అంది: "చూసినవా? పొగ వస్తదో రాదో, నన్నైతే ముందుగాల్నే ఎల్లగొట్టిండు మీ సాబ్." నవ్వుతూనే అంది. ఆయన వైపు మాత్రం చూడలేదు.

ఆ తర్వాతే ఆయన సేఠ్ ముందు నిలబడ్డారు. "మీ ఇల్లు గాడనే గదా?" అని సేఠ్ వెంటనే అడిగాడు.

"ఉండె. ఇప్పుడు లేదు. మీరు నాంపల్లిల కట్టుకుంటే నాకొచ్చే నష్టం ఏం లేదు. కని కట్టొద్దు. ఆ గల్లీల మనుషులు బతకలేరు."

సేఠ్ చాలాసేపు ఆయన ముఖంలో ఏదో వెతికాడు. దొరికినట్టు లేదు. నాంపల్లి స్థలం వదిలేశారు. కార్ఖానా హద్దు దాటి ఎక్కడో బీడుభూమిలోకి పోయింది. బల్దియా అధికారి అలిగి మా దఫ్తరు మెట్లెక్కడం మానేశాడు.

కథ ఇక్కడితో అయిపోతే నాకు ఏ గందరగోళమూ ఉండేది కాదు. కొంతకాలానికి నాంపల్లిలోని ఆ పాత ఇల్లే మళ్లీ ఖాళీ అయింది. చాదర్‌ఘాట్ చెమ్మకు రుక్మిణమ్మ దగ్గు ముదిరి ఉంది. నేను పరుగున వెళ్లి ఆ వార్త చెప్పాను. ఆమె ఆశగా ఆయన వైపు చూసింది.

"ఇప్పుడు పోతే సేఠ్ ఏమనుకుంటడు?" అన్నారాయన. "మల్లొక మాట చెప్తే నమ్ముతడా?"

"సేఠ్ నమ్మకం సేఠ్ దగ్గరుండనియ్యి. నా దమ్ము సంగతేంది?" అంది ఆమె. ఆయన షేర్వానీ తొడుక్కుని దఫ్తరుకు బయల్దేరారు. వాళ్లు చాదర్‌ఘాట్ నుంచి కదల్లేదు.

ఒక్కోసారి ఆయన దేవుడనిపిస్తారు. ఆ రాత్రే రుక్మిణమ్మ దగ్గు గుర్తొచ్చి, ఇదెక్కడి మొండితనమని కోపమొస్తుంది. గల్లీ అంతా హాయిగా ఊపిరి పీల్చుకుంది, ఎవరి ఊపిరి గురించి మొదట భయపడ్డారో ఆమెకు తప్ప.

ఆయనే ముందు పోయారు. నెల మాసికం అయ్యాక వెళ్లి, "ఇగ నాంపల్లిల ఇల్లు చూడాల్నా అమ్మా?" అని అడిగాను. ఆయన్ని కసితీరా తిడుతుందనీ, నేనూ ఓ మాట కలపొచ్చనీ అనుకున్నాను.

"ఇన్నేళ్లు ఈడ దగ్గుకుంట ఉన్న," అంది ఆమె. "ఇప్పుడు పోయి ఆయన మాటను అబద్ధం చెయ్యాల్నా? ఊకో యాదగిరీ."

ఆమె ఎవరి పక్షమో కూడా నాకు తేలలేదు.

ఇంతలో తడి ఆకుల పొగ మా గేటు దాటి ఎదురింటి వరండాలోకి దూరింది. ఆ ఇంట్లోకి ఈమధ్యే ఎవరో దిగారు. చెప్పులు వేసుకుని వెళ్లి, మెట్ల మీద కూర్చుని మంచినీళ్లు అడిగాను. చంకలో పసిపిల్లతో ఒక అమ్మాయి గ్లాసు తెచ్చి, మా గేటు వైపూ నా వైపూ చూసింది.

"ఎదురింటి తాతే గదా మీరు? మీ ఇంట్ల నీళ్లొస్తలేవా?"

"వస్తున్నయి బిడ్డా," అన్నాను. గ్లాసు ఖాళీ చేసి, పార తెచ్చి ఆ ఆకుల మీద మన్ను పోసేద్దామని లేచాను.