అమ్మ నవ్విన ఫోటో

మొన్న ఇంటికి రంగులు వేయిస్తూ గోడ మీది అమ్మ ఫోటో దింపాను. అరుగు మీంచి అమ్మ కేకేసింది. "ఒరే, జాగర్త! రేపు నాను పోతే దానికే దండెయ్యాల. నువ్వు తీసినవాట్లో నాను ఊరగాయ జాడీనాగున్నాను."

ఆ ఫోటో నేను తీసింది కాదు, అదే నా ఏడుపు. చీపురుపల్లిలో నాకు స్టూడియో ఉంది. పెళ్ళిళ్ళు నాకు తిండి పెడతాయి, కానీ పిచ్చి మాత్రం యాత్రికుల మీదే. మాఘమాసం ఆదివారాలు అరసవల్లి వెళ్తే దేవుడి దర్శనం తర్వాత సంగతి, ముందు గుడి బయట జనాన్ని చూడాలి నాకు. పిడకల మీద పొంగే పాలు, చెరకుగడతో పరమాన్నం కలిపే ఆడవాళ్ళు, చెరో కొసా పట్టుకుని తడిచీర ఆరబెట్టుకునే తోడికోడళ్ళు, గుండు తడుముకుని ఏడ్చే పిల్లలు. వీళ్ళకోసమే పెద్ద లెన్సు కొన్నాను. మా ఆవిడ ఇప్పటికీ దాన్ని సవతి అనే అంటుంది.

మా బావమరిదికి లెన్సూ లేదు, పిచ్చీ లేదు. ఓ ఏడాది అమ్మను అరసవల్లి తీసుకెళ్తూ, సామాను మొయ్యడానికి వాణ్ణీ రమ్మన్నాను. వాడు జేబులోంచి ఫోను తీసి ఒక్కటంటే ఒక్క ఫోటో కొట్టాడు. అందులో అమ్మ పొయ్యి ముందు గొంతుక్కూర్చుని, ఉన్న నాలుగు పళ్ళూ కనబడేలా నవ్వుతోంది. నేను కెమెరా ఎత్తితే చాలు, పమిట సర్దుకుని, పెదాలు బిగించేసే మనిషి! చుట్టాలంతా వాడి భుజం తట్టారు. నేనూ తట్టాను, కొంచెం గట్టిగానే. ఊళ్ళోవాళ్ళ తల్లుల నవ్వులన్నీ నేను తీశాను, నా తల్లి నవ్వు మాత్రం వాడికి దక్కింది.

ఇన్నాళ్ళూ అడగడానికి అహం అడ్డొచ్చింది. మొన్న ఫోటో తుడుస్తూ అడిగేశాను. "ఆడేటి సెప్పి నవ్వించాడే నిన్ను?"

"ఆడేటి సెప్తాడు? నీళ్ళకెళ్ళి అప్పుడే వచ్చాడు. నువ్వు పక్కన బురదలో బోర్లా పడుకుని ఎవుల్దో పొయ్యి ఫోటో తీస్తన్నావు. సిన్నప్పుడు పిల్లికూనల్ని సూడ్డానికి మంచం కింద అలాగే పడుకునీవోడివి. నాకు నవ్వాగింది కాదు."

ఫోటో మళ్ళీ చూశాను. నిజమే, అమ్మ చూపు పక్కకుంది. ఇన్నేళ్ళుగా ఫోటోలు తీస్తున్నవాణ్ణి, అది నా కంట పడనేలేదు. ఇంక అసూయ పోవాలి కదా, పోలేదు సరికదా పెరిగింది. అమ్మ నన్ను చూసి అంతగా నవ్విన క్షణంలో వాడున్నాడు, పక్కనే ఉన్న నేను లేను. ఎన్ని మాఘమాసాలు వచ్చినా ఆ ఒక్క ఆదివారానికి నేనిక వెళ్ళలేను.