దువ్వెన కాళ్ల ఈగ

మా సారు పోయారని ఫోన్ వచ్చినప్పుడు నేను కడప కాలేజీలో పిల్లలకు పండ్ల ఈగ కాళ్లు చూపిస్తున్నాను. మగ ఈగ ముందుకాలి మీద నల్లటి ముళ్ల వరుస ఒకటి ఉంటుంది. "దీన్ని దువ్వెన అంటారు" అని చెబుతున్నదాన్ని అక్కడే ఆగిపోయాను. క్లాసు వదిలేసి కర్నూలు బస్సెక్కాను. సీటు ఖాళీగా ఉన్నా నంద్యాల దాకా నిలబడే వచ్చాను.

ఈగ కాలు చూడటం నాకు నేర్పింది ఆయనే. ఇవాళ నేను తింటున్న అన్నం ఆయన చలవే. నన్ను చివరిదాకా పాపా అనే పిలిచారు. "నీ కాళ్లకు ఏ జీన్ పెట్టినాడో దేవుడు, ఒక్కచోట నిలవవు" అని నవ్వేవారు. ఈగ ఒంటి మీది ముళ్లను శూకాలు అని పుస్తకం మాట అంటే ఒప్పుకునేవారు కాదు.

"శూకమంటే మీ అమ్మకు తెలుస్తాదా? జొన్నచేన్లో దిగితే ఒళ్లంతా గీరుకుంటామే, ఆ నూగు అను. నూగు యాడ రావల్ల, యాడ రాకూడదని జీన్లు చెప్తాయి."

నేను ఆయన దగ్గర చదువుకునే రోజుల్లో, ఒక ఎండాకాలం ఆయనకొక ఈగ దొరికింది. దువ్వెన ముందుకాళ్లకే ఉండాలి కదా, దీనికి ఆరు కాళ్లకూ ఉంది! సారు ఆ రోజు అన్నం కూడా మరిచిపోయారు.

"తక్కిన కాళ్లలో దువ్వెన పుట్టే పని జరక్కుండా మూసిపెట్టే జీన్ ఒకటి ఉంటాది పాపా. అది చెడిపోయింటే, ప్రతి కాలూ నేనే ముందుకాలు అనుకుంటాది."

ఆ గుణం దాని పిల్లలకు దిగుతుందో లేదో తేలాలి. దాన్ని కొన్ని ఆడ ఈగలతో ఒక సీసాలో వేశారు. ల్యాబు వేడికి తట్టుకోవని సీసాను ఇంటికి తీసుకుపోయి, నీళ్ల పళ్లెంలో పెట్టి తడిగుడ్డ చుట్టారు.

మరుసటి వారం సారూ, ఆయన భార్యా కోయిలకుంట్లలో పెళ్లికి పోతూ నాకు ఇంటి తాళం ఇచ్చారు. ఆమెను మేం అమ్మా అనేవాళ్లం. సాయంత్రం దాకా గంటకోసారి గుడ్డ తడపాలి, అంతే పని. నేను కూర్చోగలనా? బుద్ధి లేక, స్నేహితురాలి స్కూటరెక్కి ఓర్వకల్లు రాళ్లు చూడటానికి పోయాను. తిరిగొచ్చేసరికి గుడ్డ ఎండిపోయింది, పళ్లెంలో చుక్క లేదు, ఈగలూ వాటి పురుగులూ మేత మీదే చచ్చి ఉన్నాయి. సీసా కడిగేసి, వంటింట్లో ఆరబెట్టిన సీసాల మధ్య బోర్లించాను. వాళ్లు రాగానే తాళం చేతిలో పెట్టి పరుగెత్తాను.

మర్నాడు సారు మొహం పీక్కుపోయి ఉంది. "ఇంట్లో పొరపాటైంది పాపా. సీసా కడిగేసినారు" అన్నారు. నా పనేనని తెలిసీ, నన్ను ఏమీ అనలేక ఇంటి మీద పెట్టి చెబుతున్నారనుకున్నాను. ఎన్నోసార్లు చెప్పబోయి మింగేశాను. అలాంటి ఈగ ఆయనకు మళ్లీ దొరకలేదు.

నేను కర్నూలు చేరేసరికి అంతా అయిపోయింది. అమ్మ ఒక్కతే గోడకానుకుని కూర్చుంది. పక్కన కూలబడి మొత్తం కక్కేశాను. ఆమె నా వైపు తిరిగింది.

"నువ్వా? పెళ్లి నుంచి వచ్చి అంట్లు తోమినా కదా, నేనే కడిగేసినాననుకున్యాడు. తిట్టలేదమ్మా. ఆ పొద్దు నుంచి నన్ను సీసా ముట్టనీలేదు, అంతే. నా చేతిలోంచి తీసుకొని తానే కడుక్కుంటాండె. కడిగినట్టు గురుతే లేదంటే, మర్చిపోయింటావులే అనె. నేనూ అట్లే అనుకుంటి."

ఆ తరం మగవాళ్లు భార్యను పేరుతో చెప్పరు, 'ఇంట్లో' అంటారు. ఆనాడు సారు 'ఇంట్లో' అన్నది అమ్మనేనని నాకప్పుడు తట్టింది. సారు ఇంట్లో సీసాలు తానే కడుక్కుంటారని మేం ఎంత మురిసిపోయేవాళ్లమో! నా మీద నాకే అసహ్యమేసింది.

"క్షమించమ్మా" అన్నాను.

"నాకెందుకు చెప్తాండావు? ఆయనకు చెప్పు."

చెయ్యి పట్టుకుని లేపి, దీపం వెలుగుతున్న సారు ఫొటో ముందు నిలబెట్టింది. "ఆయనకు ఎడమ చెవి సరిగ్గా వినపడదు, ఈ పక్కకు రా. గట్టిగా చెప్పు."

గట్టిగానే చెప్పాను. వాకిట్లో ఉన్నవాళ్లు తిరిగి చూశారు. అమ్మ కొంగు నడుముకు చెక్కుకుని ఫొటోకు ఎదురుగా వచ్చింది.

"ఇప్పుడన్నా వింటిరా?" అని అడిగింది. జవాబు వచ్చేదాకా కదిలేది లేదన్నట్టు అక్కడే నిలబడింది.